అడిగినందుకే తప్పయిందా, బాబూ?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. ఉత్తరం పొడవుగా ఉంది కాబట్టి విషయం చెడకుండా కుదించి చెబుతాను.

ఆయనకు 34 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎనిమిదేళ్లుగా ఇద్దరు స్నేహితులతో కలిసి టెలిగ్రామ్‌లో ఒక గ్రూపు నడుపుతున్నారు. విండోస్ బదులు వాడుకునే లినక్స్, ఆఫీసు పనులకు వాడే లిబ్రేఆఫీస్ లాంటి ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఎక్కడైనా ఆగిపోతే అక్కడ తెలుగులో అడగొచ్చు. ఎవరికీ జీతం లేదు. ఆఫీసు అయ్యాక, పిల్లలు పడుకున్నాక, తీరిక దొరికినవాళ్లు జవాబిస్తారు.

గ్రూపులో అందరూ ‘అన్న’ అని పిలిచే ఒక పెద్దాయన ఉన్నారు. అందరికంటే ఎక్కువ తెలిసినవాడు. మన పాఠకుడికి లినక్స్ నేర్పింది ఆయనే. “రాత్రి ఒంటిగంటకు ఫోన్ చేసినా ఎత్తేవాడు. ఇప్పుడు నేను తింటున్న తిండి ఆయన నేర్పిన పనివల్ల వచ్చిందే” అని రాశారు. అదే అన్నకు గ్రూపులో కొత్తవాళ్లంటే చిరాకు. ‘మాన్యువల్ చదవండి’, ‘గూగుల్ లేదా మీ ఊళ్లో?’ అని తిప్పికొడతారు. ఆమధ్య ఒక కుర్రాడు వైఫై రావట్లేదని అడిగితే, ఇంకొక సభ్యుడు సరదాకి సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్ మొత్తం తుడిచేసే కమాండ్ ఇచ్చాడు. కుర్రాడు నమ్మి కొట్టాడు. ప్రాజెక్టు ఫైళ్లు పోయాయి. “అలాగే నేర్చుకుంటారు” అన్నారట అన్న.

కిందటి నెల, గుంటూరు వైపు చిన్న ఊళ్లో డీటీపీ షాపు పెట్టుకున్న ఒకావిడ గ్రూపులో చేరారు. పాత కంప్యూటర్‌లో ఎవరో లినక్స్ మింట్ అనే రకం లినక్స్ వేసి ఇచ్చారు. “సార్, నా ఫైల్స్ అన్నీ పాడైపోయాయి. తెలుగు పోయి ఏబీసీడీలు వస్తున్నాయి. అర్జెంట్” అని రాసి, సెల్‌ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటో పెట్టారు. “ఇది కస్టమర్ కేర్ కాదు” అన్నారు అన్న. ఆవిడ మళ్లీ అడిగారు. “మేడమ్, వంటల గ్రూపు పక్కన ఉంది” అని వచ్చింది జవాబు. దాని కింద పదిహేడు నవ్వు బొమ్మలు. “ఆ పదిహేడులో ఒకటి నాది. ఆ తర్వాత ‘ముందు ఇది చదవండి’ అని ఒక ఇంగ్లిష్ మాన్యువల్ లింకు కూడా నేనే పెట్టాను” అని ఒప్పుకున్నారు.

ఆవిడ గ్రూపు వదిలేశారు. రాత్రి ఈయనకు విడిగా మెసేజ్ వచ్చింది: “బాబూ, ఇరవై రెండేళ్లుగా డీటీపీ చేస్తున్నాను. ఈ లినక్స్ ఒక్కటే కొత్త. అడిగినందుకే తప్పయిందా? ఇక అడగను లెండి.”

ఇరవై మూడు రోజులైంది. ఈయన జవాబు ఇవ్వలేదు. ఏ మొహం పెట్టుకుని క్షమాపణ అడగాలి? అన్నను నిలదీస్తే గురువును ఎదిరించినట్టవుతుంది, ఆయన వెళ్లిపోతే గ్రూపు ఏమవుతుంది? “నిజం చెప్పాలంటే నేను కూడా అలిసిపోయాను. కొత్త మెసేజ్ కనపడితే చాలు, కడుపులో తిప్పుతోంది. అంతా వదిలేసి వెళ్లిపోనా?” ఇవీ ఆయన ప్రశ్నలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ నవ్వు బొమ్మ సంగతి మీరు రాయకపోతే నాకు తెలిసేది కాదు. రాశారు. అందుకని నేను కూడా దాపరికం లేకుండా రాస్తాను.

మీ దగ్గర మూడు విషయాలున్నాయి. ఆవిడకు మీరు బాకీ ఉన్న మాట ఒకటి. అన్నతో మీ సంబంధం ఒకటి. మీ అలసట ఒకటి. మూడూ కలిసిపోయి ఒకే పెద్ద ముడిలా కనిపిస్తున్నాయి మీకు. ఆవిడకు క్షమాపణ చెబితే అన్నది తప్పు అన్నట్టవుతుంది, అన్నది తప్పంటే ఆయనతో తేల్చుకోవాలి, తేల్చుకుంటే గ్రూపు చీలిపోతుంది, దానికి ఓపిక లేదు. ఇలా లెక్క వేసుకుని ఇరవై మూడు రోజులు రెండు వాక్యాలు రాయలేకపోయారు. నిజానికి మొదటిది మీ ఒక్కరి చేతిలో ఉంది. దానికి అన్న అనుమతి అక్కర్లేదు, గ్రూపు భవిష్యత్తు తేలక్కర్లేదు.

దాని కంటే ముందు, ఆవిడ అడిగిన ప్రశ్న దగ్గరికి వెళదాం. మీ ఉత్తరం మొత్తంలో ఆ ప్రశ్నకు జవాబు ఏమిటో ఎక్కడా లేదు. జరిగిన గొడవలో మీరు కూడా దాన్ని మర్చిపోయారనుకుంటాను.

ఆవిడ ఫైళ్లు పాడవలేదు. ఇరవై రెండేళ్లుగా డీటీపీ అంటే దాదాపు కచ్చితంగా అను ఫాంట్లు. అవి యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ అన్ని కంప్యూటర్లలోనూ ఒకే సంకేతం ఉండే) పద్ధతివి కావు. కంప్యూటర్ దృష్టిలో ఆ ఫైలులో ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే. వాటి స్థానాల్లో తలకట్లు, గుడులు, ఒత్తుల బొమ్మలు పెట్టి తెలుగులా చూపించేది ఆ ఫాంటు. కొత్త సిస్టమ్‌లో ఫాంటు లేదు, కాబట్టి ముసుగు తొలగి కింద ఉన్న ఏబీసీడీలు కనపడ్డాయి. లినక్స్ పుట్టిన 1991లోనే యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది, అందులో తెలుగు ఉంది. అయినా మన ప్రెస్సులూ డీటీపీ షాపులూ ఈ పాత పద్ధతిలోనే నడిచాయి, చాలాచోట్ల ఇప్పటికీ నడుస్తున్నాయి. వాళ్ల పని అందులోనే వేగంగా సాగింది, తప్పు వాళ్లది కాదు.

ఇప్పుడు ఆవిడ స్థానంలో ఉండి ఆ ఉదయం చూడండి. ఏళ్ల తరబడి చేసిన పని, శుభలేఖలు, స్కూలు ప్రశ్నపత్రాలు, కరపత్రాలు అన్నీ చెత్త అక్షరాలై కనిపించాయి. షాపులో ఎవరో కూర్చుని కాగితం కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. ‘అర్జెంట్’ అని రాస్తే గ్రూపు మర్యాద తెలియదనుకున్నాం. ఆవిడకు అది నిజంగా అర్జెంటే. స్క్రీన్‌షాట్ తియ్యకుండా ఫోన్‌తో ఫొటో తీశారని చిరాకుపడ్డాం. కొత్త సిస్టమ్‌లో స్క్రీన్‌షాట్ ఎలా తియ్యాలో ఆవిడకు ఎవరు చెప్పారు? “ఫైళ్లు ఎక్కడికీ పోలేదమ్మా, కంగారుపడకండి, ఇవి అనులో కొట్టినవేనా?” అన్న ఒక్క మాట ఆ ఉదయాన్ని మార్చేసేది.

ఇంకో సంగతి. ఆవిడను మనం ‘బిగినర్’ అన్నాం. లినక్స్‌కు కొత్త, నిజమే. తెలుగు అక్షరం విషయంలో ఆవిడ ముందు మీరూ నేనూ కొత్త. ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, ఏ ఫాంటులో క్ష కింద ఖాళీ ఎక్కువగా ఉందో, పద్నాలుగు పాయింట్లలో చదవడానికి ఏది బాగుంటుందో ఇరవై రెండేళ్లుగా రోజూ చూస్తున్న కళ్లు అవి. ఓపెన్ సోర్స్‌లో తెలుగు ఇంకా కుంటుతున్నది సరిగ్గా అక్కడే. పేజీలు డిజైన్ చేసే స్క్రైబస్‌నే తీసుకోండి. తెలుగులాంటి లిపులను సరిగ్గా పేర్చగల స్థిరమైన కూర్పు, 1.6, 2024 జనవరిలో గానీ రాలేదు. దాన్ని తెలుగులో పరీక్షించి ‘ఇక్కడ ఒత్తు జరిగింది’ అని చెప్పగల మనిషి ఒకరు మీ గ్రూపు తలుపు తట్టారు. వంటల గ్రూపుకు వెళ్లమన్నాం. ఓపెన్ సోర్స్ సమాజాలు కొత్తవాళ్లను పోగొట్టుకున్నప్పుడల్లా పోయేది ఇలాంటిదే. ఎవరు ఏం తెలిసి వస్తున్నారో మొదటి ప్రశ్నలో కనపడదు.

ఆ ‘వంటల గ్రూపు’ మాట గురించి విడిగా చెప్పాలి. ‘మాన్యువల్ చదవండి’ అనేది దురుసుతనం. వంటల గ్రూపు అన్నది అదే కోవలోకి రాదు. ఆవిడ అడిగిన దాంట్లో లోపం పట్టి అన్న మాట కాదది, అడిగినది ఆడమనిషి కాబట్టి అన్న మాట. మీ గ్రూపులో ఉండి ఎప్పుడూ ఏమీ అడగని అమ్మాయిలు ఆ రోజు దాన్ని చదివారు, కింద పదిహేడు బొమ్మలనూ చూశారు. వాళ్లలో ఎవరైనా ఇక నోరు తెరుస్తారా? ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదని మీకు అనిపించవచ్చు. ఇలాంటిచోట ఫిర్యాదులు రావు. మనుషులు చప్పుడు లేకుండా వెళ్లిపోతారు, అంతే. ఆవిడ మీకు మెసేజ్ పెట్టడమే అరుదైన విషయం. మిమ్మల్ని బాబూ అని పిలిచి, మీరు అర్థం చేసుకుంటారనుకుని పెట్టారు.

ఇక మీ అలసట. దీన్ని తక్కువ చేసి మాట్లాడను, ఎందుకంటే కొత్తవాళ్ల మీద విసురు చాలావరకు పుట్టేది ఇక్కడే. విండోస్ 10కి మామూలు సపోర్టును మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని, ప్రాసెసర్ పాతబడిన కంప్యూటర్లకు విండోస్ 11 మామూలుగా ఎక్కదు. ఇంకా బాగా పనిచేస్తున్న మిషన్‌ను పారెయ్యలేక లినక్స్ వైపు చూస్తున్నవాళ్లు మీ దగ్గరికి వస్తున్నారు. వీళ్లు సరదాకి వచ్చినవాళ్లు కాదు, గత్యంతరం లేక వచ్చినవాళ్లు. ప్రశ్నలు పెరిగాయి, జవాబు చెప్పేవాళ్లు మాత్రం ఎనిమిదేళ్ల కింద ఉన్న ముగ్గురు నలుగురే. కడుపులో తిప్పక ఏం చేస్తుంది?

ఉచితంగా పనిచేసే మనిషి మీద బరువు పెరిగితే ఏమవుతుందో ఎక్స్‌జెడ్ ఉదంతంలో ప్రపంచమంతా చూసింది. దాదాపు ప్రతి లినక్స్ సిస్టమ్‌లోనూ ఉండే ఆ చిన్న కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి ఒకాయనే చూసుకునేవాడు. మానసికంగా బాగాలేదని ఆయన ముందే చెప్పాడు. అయినా ‘ఎందుకింత ఆలస్యం’ అంటూ కొన్ని ఖాతాలు ఆయన్ని సతాయించాయి. సాయం చేస్తానంటూ చేరి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించిన ఒక ఖాతా అందులో దొంగదారి పెట్టింది. 2024 మార్చి 29న అది బయటపడింది. ఇంత పెద్ద ఉదాహరణ మీ గ్రూపుకు అక్కర్లేదేమో. కానీ సాయం చేసేవాడి ఓపిక కూడా కాపాడుకోవాల్సిన వస్తువే అని నేను నమ్ముతాను, అందుకే చెప్పాను. కొత్తవాళ్ల మీద దయ చూపించమని అలిసిపోయినవాడికి ఉపదేశం చేస్తే రెండు రోజులు పనిచేస్తుంది. మూడో రోజు మళ్లీ విసుగు వస్తుంది. పని చేసే తీరు మారాలి.

మీరు చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. ఒకే ప్రశ్న పదిసార్లు వస్తోందంటే దానికి తెలుగులో, పది వాక్యాల్లో ఒక మంచి జవాబు రాసి గ్రూపులో పైన పిన్ చెయ్యండి. అను ఫైళ్ల సంగతి, తెలుగు కీబోర్డు పెట్టుకోవడం, వైఫై, ప్రింటర్. ఈ నాలుగూ రాస్తే సగం భారం తగ్గుతుందని నా అంచనా. దీనివల్ల వచ్చే ఇబ్బంది ఒకటుంది. రెండు వారాలకు ‘పైన ఉంది చూడండి’ అనడం కొత్త రకం ‘మాన్యువల్ చదవండి’ అయిపోతుంది. కాబట్టి లింకు ఇచ్చేటప్పుడు దాంతోపాటు ఒక మాట: “మీది ఇదే అనిపిస్తోంది, మూడో మెట్టు చూడండి, అక్కడ ఆగితే మళ్లీ అడగండి.” లింకు ఒక్కటే పడేస్తే గెంటేసినట్టుంటుంది. ఈ మాట తోడైతే చెయ్యి పట్టుకున్నట్టుంటుంది.

వంతులు వేసుకోవడం ఇంకో దారి. ఈ వారం మీరు, వచ్చే వారం ఇంకొకరు. మీ వంతు కాని వారం గ్రూపును మ్యూట్‌లో పెట్టెయ్యండి. జవాబులు ఆలస్యమవుతాయి. ఒకరోజు ఆలస్యంగా వచ్చిన మంచి జవాబును జనం క్షమిస్తారు, నిమిషంలో వచ్చిన వెటకారాన్ని ఏళ్లయినా మర్చిపోరు. విసుగ్గా ఉన్న పూట జవాబే ఇవ్వకండి. మీరు ఇవ్వకపోతే ఇంకొకరు ఇస్తారు. ఎవరికీ తెలియని ప్రశ్న అయితే “చూశాం, మాకెవరికీ వెంటనే తట్టడం లేదు” అన్నా చాలు. అడిగినవాడికి తన మాట గోడకు తగల్లేదని తెలుస్తుంది.

పూర్తిగా వదిలేసి వెళ్లడం కూడా ఒక దారే. తప్పనను. ఎనిమిదేళ్లు చేశారు. కానీ ఇప్పుడు, ఈ స్థితిలో వెళితే ఆవిడ మెసేజ్ మీతోపాటే వస్తుంది. ముందు ఆ బాకీ తీర్చండి, తర్వాత ఒక నెల సెలవు తీసుకోండి. అడ్మిన్ పని ఇంకొకరికి అప్పగించి, గ్రూపులో చెప్పి మరీ తీసుకోండి. నెల తర్వాత కూడా కడుపులో తిప్పితే అప్పుడు వెళ్లండి, ఎవరూ మిమ్మల్ని ఏమీ అనకూడదు.

ఇక అన్న సంగతి. మీకు అన్నిటికంటే బరువైనది ఇదేనని మీ ఉత్తరంలో తెలుస్తూనే ఉంది.

ఆయన వాదన నాకు తెలుసు. ‘మెత్తగా చెబితే ఎవరూ సొంతంగా వెతకరు, గట్టిగా అంటేనే నేర్చుకుంటారు.’ ఇందులో కొంత నిజం ఉంది, కొట్టిపారెయ్యను. ప్రశ్న అడగడం కూడా ఒక విద్యే. ఏ సిస్టమ్, ఏ వెర్షన్, ఏం చేశారు, ఏం కనిపించింది అనేవి చెప్పకపోతే జవాబిచ్చేవాడు చీకట్లో తడుముకోవాలి. మరి ఆ విద్య ఎవరు నేర్పాలి, ఎలా నేర్పాలి?

నా సంగతి చెబుతాను. 2006లో ఉబుంటు అనే రకం లినక్స్ సీడీలు అడిగినవాళ్లకు ఉచితంగా పోస్టులో పంపేవారు. అలా నాకు 6.06 కూర్పు సీడీ వచ్చింది. వేసుకున్నాను, అంతా బాగుంది, పాటలు మాత్రం రావు. ‘ఎంపీత్రీలు మోగట్లేదు, ఈ సీడీ పాడైంది’ అని ఒకచోట ఇంగ్లిష్‌లో అడిగాను. ఇది రోజూ పదిమంది అడిగే ప్రశ్న అని నాకేం తెలుసు? ఒకాయన ‘వెతకడం రాదా’ అన్నాడు. సిగ్గుతో విండోస్‌కు వెళ్లిపోయేదాన్నే. ఇంకొకరు, ఏ దేశమో కూడా తెలియదు, ఇలా రాశారు: సీడీ బాగానే ఉంది, పేటెంట్ల గొడవ వల్ల ఎంపీత్రీ ముక్కను అందులో పెట్టరు, ఇదిగో ఇలా వేసుకోండి, ఇంకోసారి ఏదైనా ఆగితే ఈ కమాండ్ కొట్టి వచ్చింది కూడా పెట్టండి, మాకు తేలికవుతుంది. ఆ ఒక్క జవాబుతో నా పాటలూ వచ్చాయి, ప్రశ్న ఎలా అడగాలో కూడా వచ్చింది. వెతకడం రాదా అన్నాయన వల్ల నేను నేర్చుకున్నది ఆయన ఉన్నచోట అడగకూడదని. అంతకుమించి ఏమీ లేదు.

అన్న మీకు నేర్పింది కూడా ఈ రెండో పద్ధతిలోనే. రాత్రి ఒంటిగంటకు ఫోన్ ఎత్తి, విసుక్కోకుండా. ఆయనతో మాట్లాడాలనుకుంటే ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. గ్రూపులో వద్దు, పదిమంది చూస్తుండగా ఏ పెద్దమనిషీ వెనక్కి తగ్గడు. ఫోన్‌లో, ఇంకా మంచిది ఎదురుగా. “అన్నా, నాకు అప్పుడు ఏమీ రాదు, నువ్వు ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆవిడను చూసి నేను నవ్వాను, నిద్ర పట్టడం లేదు” అని మీ తప్పుతో మొదలుపెట్టండి. ఆయన తప్పుతో కాదు. తర్వాత ఆవిడ మెసేజ్‌లోని ఆ మాట చెప్పండి. ఫోన్ చూపించకండి, అది మీకు రాసింది.

ఆయన మూడు రకాలుగా స్పందించవచ్చు. కరిగిపోవచ్చు. నేర్పడం ఇష్టమైన మనిషిలో అది ఎక్కడో ఉంటుంది. ఆయన కూడా మీలాగే అలిసిపోయి ఉండొచ్చు, ఎవరూ అడగలేదంతే. లేదా ‘అందరినీ బుజ్జగించడం నా వల్ల కాదు’ అనవచ్చు. అప్పుడు ఆయనకు వేరే పాత్ర ఇవ్వండి. మొదటి ప్రశ్నలు మీరు చూసుకోండి, ఎవరికీ తెగని చిక్కుముడులు ఆయన దగ్గరికి పంపండి. చాలామంది గొప్ప నిపుణులకు ఇదే సరిపోతుంది, ఇందులో అవమానం లేదు. మూడోది, కోపంతో వెళ్లిపోవచ్చు. వెళితే కొన్నాళ్లు కష్టంగా ఉంటుంది, కొన్ని ప్రశ్నలకు జవాబు దొరకదు, కొందరు మిమ్మల్ని కృతఘ్నుడు అంటారు. దానికి సిద్ధపడి వెళ్లండి. గ్రూపు మాత్రం ఆగిపోదు.

ఎందుకు ఇంత ధైర్యంగా అంటున్నానంటే, ఇదే చిక్కు ఇంతకంటే వెయ్యి రెట్లు పెద్ద చోట వచ్చింది. లినక్స్‌ను పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ ఈమెయిళ్లలో మనుషుల్ని కటువుగా తిట్టడానికి పేరుపడ్డవాడు. ఆయన అలా ఉంటేనే లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ నాణ్యత నిలుస్తుందని ఏళ్ల తరబడి సమర్థించినవాళ్లున్నారు. 2018 సెప్టెంబరులో ఆయనే, తన మాటలు తప్పని, వాటివల్ల బాధపడినవాళ్లకు క్షమాపణలని బహిరంగంగా రాశాడు. మనుషుల మనసును అర్థం చేసుకోవడానికి సాయం తీసుకుంటానని చెప్పి కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నాడు. అదే సమయంలో కెర్నల్ సమాజం కొత్త ప్రవర్తన నియమావళి పెట్టుకుంది. ఆయన లేనప్పుడు 4.19 కూర్పును గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ విడుదల చేశాడు. అక్టోబరులో లైనస్ తిరిగి వచ్చాడు, పని సాగుతూనే ఉంది. ఈ సంగతి అన్నకు కచ్చితంగా తెలిసే ఉంటుంది. ఆయన గౌరవించే మనిషి చేసిన పని కాబట్టి మాటల్లో ఒకసారి గుర్తు చెయ్యండి.

మీరు ‘గురువును ఎదిరించడం’ అన్నారు. ఆయన నేర్పినది పదిమందికి అందకుండా ఆయన మాటే అడ్డుపడుతోందని ఆయనకు చెప్పగల దగ్గరితనం ఆ గ్రూపులో మీకు తప్ప ఎవరికుంది? చెప్పకుండా ఉండటం కూడా ఒక ఎంపికే, దాని ఫలితం ఇప్పటికే మీ చేతిలో ఉంది.

నియమాల గురించి మీ మిగతా ఇద్దరు అడ్మిన్లతో మాట్లాడండి. పెద్ద పత్రం అక్కర్లేదు. ఉబుంటు మొదటి రోజుల నుంచే ఒక ప్రవర్తన నియమావళి పెట్టుకుంది. ఇంగ్లిష్ వికీపీడియాలో కొత్తవాళ్లను కరవకండి అనే పేరుతోనే ఒక మార్గదర్శకం ఉంది. మీకు తెలుగులో నాలుగు వాక్యాలు చాలు. అయితే రాసే ముందు ఒకటి ఆలోచించుకోండి. ఆ నాలుగు వాక్యాలు అన్నకు కూడా వర్తిస్తాయా? వర్తింపజేసే ధైర్యం ముగ్గురిలోనూ లేకపోతే ఇప్పుడే రాయకండి. చిన్నవాళ్లకే వర్తించే నియమం ఏ నియమమూ లేకపోవడం కంటే ఎక్కువ చేటు చేస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం మీకు రెండు మూడు దారులు చూపించను. ఫైళ్లు తుడిచేసే కమాండ్‌ను సరదాకి ఇచ్చిన సభ్యుడిని ఈరోజే తీసెయ్యండి. లినక్స్ కొత్తవాడు టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే చోట) ఏం కొడుతున్నాడో తెలియకుండా, చెప్పినవాడి మీద నమ్మకంతో కొడతాడు. ఆ నమ్మకం మీదే మీ గ్రూపు మొత్తం నిలబడి ఉంది. ఆ కుర్రాడు ఇంకా గ్రూపులో ఉంటే, ఆ డిస్కు మీద కొత్తగా ఏమీ రాయకుండా ఆపి ఉంటే, ఫైళ్లలో కొన్నయినా వెనక్కి తేగలమేమో ప్రయత్నించండి. పోయిన ఫైళ్లను వెతికే టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ మీకు తెలిసినవే. ఇన్నాళ్ల తర్వాత ఆశ తక్కువ. అయినా అడగండి.

చివరిగా ఆవిడ దగ్గరికి. మీకు ఇక్కడ కూడా ఎంచుకోవలసింది ఉంది. గ్రూపులో అందరి ముందు క్షమాపణ చెప్పాలా, విడిగానా? తప్పు అందరి ముందు జరిగింది కాబట్టి అందరి ముందే చెప్పాలన్నది న్యాయమే. కానీ ఆవిడ గ్రూపులో లేరు. ఆవిడ పేరు మళ్లీ లాగితే కొత్తగా చర్చ, కొత్తగా నవ్వులు మొదలవుతాయి. ముందు విడిగా రాయండి. గ్రూపులో ఆవిడ ఊసు లేకుండా మీ గురించి మాత్రమే చెప్పండి: ‘కిందటి నెల ఒకరి ప్రశ్నను చూసి నవ్వాను, అది తప్పు, ఇకపై నేను అలా చెయ్యను, మీరెవరు చేసినా ఊరుకోను.’ మిగతా పదహారు మందికి అది చేరుతుంది.

ఆవిడకు రాసేటప్పుడు అన్నను సమర్థించకండి, నిందించకండి. పని ఒత్తిడి, టెన్షన్ అని కారణాలు చెప్పకండి. ఇరవై మూడు రోజుల ఆలస్యానికి కూడా సంజాయిషీ వద్దు, ఆలస్యమైందని ఒప్పుకుంటే చాలు. క్షమించమని ఒత్తిడి చెయ్యకండి. ఆవిడ జవాబివ్వకపోవచ్చు, అది ఆవిడ హక్కు. రెండోసారి రాయకండి. ఆవిడ ప్రశ్నకు జవాబు మాత్రం అందులోనే ఉండాలి. మిమ్మల్ని మళ్లీ అడిగే పని లేకుండా ఆవిడకు ఉపయోగపడాలి.

ఇలా రాయవచ్చు, మీ మాటల్లోకి మార్చుకోండి:

“అమ్మా, ఆ రోజు మీరు అడిగింది సరైన ప్రశ్న. నేను జవాబు చెప్పకుండా నవ్వాను. తప్పు నాది, క్షమించండి. ఇన్నాళ్లు జవాబు ఇవ్వకపోవడం కూడా తప్పే. మీ ఫైళ్లు ఏమీ పాడవలేదు. అవి అను ఫాంటులో కొట్టినవైతే, ఆ ఫాంటు కొత్త సిస్టమ్‌లో లేకపోవడం వల్ల అలా కనిపిస్తున్నాయి. పాత విండోస్ కంప్యూటర్ ఇంకా ఉంటే దాన్ని నెట్‌కు కలపకుండా పాత ఫైళ్ల కోసం అలాగే ఉంచుకోండి. కొత్త పనిని యూనికోడ్‌లో చెయ్యాలనుకుంటే రామభద్ర, మండలి, ఎన్టీఆర్ లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పాతవాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒకసారి ప్రూఫ్ చూసుకోవాలి. లినక్స్‌లో తెలుగు టైపింగ్ కోసం ఐబస్ ఎం17ఎన్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే తెలుగులో యాపిల్ పేరుతో కూడా కీబోర్డు ఉంది. అది మీ చేతికి అలవాటైనదానికి ఎంత దగ్గరగా ఉందో మాకు తెలియదు, మీరే చెప్పగలరు. ఎప్పుడైనా అవసరమైతే ఈ నంబరుకే ఫోన్ చెయ్యండి, రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగా ఉంటాను.”

చివరి వాక్యంలో టైము మీకు నిజంగా కుదిరేది పెట్టండి. ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తాలి.